పొగను తిట్టిన ఫొటోగ్రాఫర్

కొంపల్లిలో ఇద్దరు ఫొటోగ్రాఫర్లు ఉండేవారు. మేనమామ, మేనల్లుడు. సుచిత్ర నుంచి మేడ్చల్ దాకా 44వ నంబరు జాతీయ రహదారికి అటూ ఇటూ ఫంక్షన్ హాళ్లు లేచాక, పెళ్లిళ్ల సీజన్ వస్తే ఇద్దరికీ ఊపిరాడేది కాదు. మామ వయసు మళ్లినవాడు. వాళ్ల నాయన ఫాక్స్ సాగర్ చెరువు కింద వరి పండించిన రోజుల్లో కళ్లంలో చాట పట్టినవాడు. అల్లుడు కుర్రవాడు, కొత్త కెమెరా కొన్నవాడు.

ఒక దీపావళికి అక్కడి గేటెడ్ కమ్యూనిటీ పెద్దలు ఇద్దరినీ పిలిచి ఒక మాట చెప్పారు: "బాణసంచా ఫొటో ఎవరిది బాగుంటే అది కొత్త సంవత్సరం క్యాలెండర్ మీద వేస్తాం. క్యాలెండర్ పని మొత్తం వాళ్లకే."

అల్లుడు సాయంత్రం అయిదింటికే వెళ్లి క్లబ్‌హౌస్ డాబా పట్టేశాడు. ఎదురుగా మైదానం, పక్కనే పెద్దమనుషుల కుర్చీలు, సమోసాల పళ్లెం. ఇంతకన్నా మంచి చోటు లేదనుకున్నాడు.

మామ ఏడింటికి వచ్చాడు. మైదానం నడిమధ్యన నిలబడి జేబులోంచి అగరబత్తి తీసి వెలిగించి, చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. పొగ జానెడు దూరం నిటారుగా లేచి, మెల్లిగా మెడ వంచి క్లబ్‌హౌస్ వైపు తిరిగింది. వానాకాలం వెనుదిరిగాక మన వైపు గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యాల నుంచే కదా. ఆయన ఒక నిమిషం దాన్నే చూసి, ట్రైపాడ్ భుజాన వేసుకుని మైదానానికి అవతలి కొసకు, వాటర్ ట్యాంకు దగ్గరికి నడిచాడు.

అల్లుడు ఫోన్ చేశాడు. "మామా, ఆడ దోమలు తప్ప ఏమున్నయ్? ఇటు రా, కుర్చీ ఉంది."

"కుర్చీ నువ్వే ఉంచుకో బిడ్డా. నువ్వే ఇటు రా. పొగంతా నీ మీదికే వస్తది."

"గ్రీన్ క్రాకర్స్ తెచ్చిండ్రు మామా, పొగ ఉండదట."

"30 శాతం తక్కువుంటదన్నరు గని, ఉండదనలేదు. కడమ 70 ఎవరి మీదికి పోతది?"

అల్లుడు నవ్వి ఫోన్ పెట్టేశాడు.

2018లో సుప్రీంకోర్టు దీపావళి టపాసులకు రాత్రి 8 నుంచి 10 దాకా గడువు పెట్టింది. కాలనీవాళ్లు దాన్ని తు.చ. తప్పకుండా పాటించేవాళ్లు. ఎనిమిది కొట్టగానే మొదటి తారాజువ్వ లేచింది. అప్పటికే మామ కెమెరా సిద్ధం. ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్ 11, ఫోకస్ ముందే కుదిర్చి బిగించేశాడు. షట్టర్ బల్బ్ మోడ్‌లో ఉంది, చేతిలో కేబుల్ రిలీజ్. జువ్వ లేస్తుంటే షట్టర్ తెరవడం, వెలుగు విచ్చుకుని రాలిపోగానే మూసెయ్యడం. మూడు నాలుగు సెకన్లు, అంతే. రెండు జువ్వలు ఒకే ఫొటోలో కావాలనుకున్నప్పుడు మధ్యలో లెన్స్‌కు నల్ల అట్టముక్క అడ్డం పెట్టేవాడు. ఆకాశం నల్లగా, శుభ్రంగా ఉంది.

అల్లుడికి ఆ జువ్వలు ఆనలేదు. "చివర్లో పెద్ద స్కై షాట్ల పెట్టెలున్నయ్, అసలు ఫొటో అదే" అనుకుంటూ సెల్‌ఫోన్ చూసుకున్నాడు. తొమ్మిది దాటేసరికి పొగ డాబా ఎక్కింది. రాత్రి నేల చల్లబడింది, గాలి మందగించింది. పొగ పైకి పోలేక అక్కడక్కడే తచ్చాడుతోంది. పెద్దమనుషులు దగ్గుకుంటూ కుర్చీలు ఖాళీ చేశారు. చివరికి పెట్టెలన్నీ ఒకేసారి అంటించారు. ఒక్క షాటూ పోగూడదని అల్లుడు షట్టర్ 30 సెకన్లు తెరిచి పెట్టాడు. ప్రతి షాటూ తన ముందు షాటు వదిలిన పొగను వెలిగించింది. తెర మీద చూస్తే తెల్లటి మడ్డి, అక్కడక్కడా ఎర్రటి మరకలు. నీలం అసలే బలహీనమైన వెలుగు, దాని జాడే లేదు.

ఇంటికెళ్లి కంప్యూటర్లో డీహేజ్ మీట లాగాడు. పొగ పోలేదు కానీ బొగ్గు పూసినట్టు గరుకు తేలింది. తెల్లారి మామ స్టూడియోకి వచ్చి గుమ్మంలోంచే మొదలుపెట్టాడు. "పాడు పొగ మామా! అంత ఖరీదైన కెమెరాను నాశనం చేసింది."

మామ మాట్లాడకుండా తన ఫొటోలు చూపించాడు. జువ్వలవి నాలుగైదు, గీసినట్టున్నాయి. ఆఖరుది వేరే. తొమ్మిదిన్నరకు తీసింది. మైదానం అంచున కాకరపువ్వొత్తులు పట్టుకున్న పిల్లలు నల్లటి నీడల్లా నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక ఆకాశమంతా ఎర్రగా, పచ్చగా కాంతి నిండిన పొగ. కాలనీవాళ్లు క్యాలెండర్‌కు ఏరుకున్నది దాన్నే.

అల్లుడు తెల్లబోయాడు. "దీంట్ల కూడా పొగనే కదా మామా!"

"పొగనే. నా ఫొటోల పిల్లల ఎనక ఉంది. నీ ఫొటోల నీకు ముందుంది." మామ కెమెరా సంచిలో పెట్టుకుంటూ అన్నాడు. "కళ్లంల తూర్పారబట్టేటోడు ముందు గాలి చూసుకోని నిలబడ్తడు. గింజ కాళ్లకాడ పడాలె, పొల్లు అవతలికి పోవాలె. ఎదురు నిలబడి, పొల్లు కండ్లల్ల పడ్డదని వడ్లను తిడ్తమా?"

నీతి: పొగను తిట్టేవాడు గాలిని చూడడు.

సురేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10 కలిస్తే టపాసుల్లో వాడే తుపాకిమందు. అది కాలినప్పుడు వాయువుగా మారేది సగం కూడా ఉండదు, మిగతాదంతా సన్నటి ధూళే. అంటే పొగ ఎక్కడినుంచో వచ్చి పండగ చెడగొట్టడం లేదు, వెలుగుతోపాటే పుడుతోంది. ఊరు పెరిగితే దుమ్ము, ఉమ్మడి కుటుంబమైతే మాట పట్టింపులు, వ్యాపారం సాగితే అప్పులు. ప్రతి పనికీ దాని పొగ దానికుంటుంది. అది అసలే రాకూడదనుకోవడం అత్యాశ. వస్తుందని తెలిసీ కుర్చీ బాగుందని దానికి ఎదురుగా కూర్చోవడం తెలివితక్కువతనం. చిన్న జువ్వలని మొదటివాటిని వదిలేసి, ఆఖర్లో అన్నీ ఒక్కసారే దక్కాలనుకునేవాడికి ఆకాశం మసకబారాక గానీ మెలకువ రాదు. గాలి ఎరిగి నిలబడ్డవాడు మాత్రం చక్కటి వెలుగును ముందే దక్కించుకుంటాడు, తర్వాత కమ్ముకునే పొగను కూడా పనిలో పెట్టుకుంటాడు.