సరుకు అమ్మేవాడి కంటికి మేమెవరం?

రంజాన్ నెల వస్తేనే పేపర్లకు మేం గుర్తొస్తాం. జిల్లా పేజీ నిండా ఖర్జూరాలు, అత్తరు సీసాలు, తెల్లటోపీలు, గుండిగలో పొగలు కక్కే హలీం. 2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఆ హలీం హైదరాబాదుది. మదనపల్లె, పుంగనూరు, వాయల్పాడు వైపు మసీదుల్లో ఇఫ్తారుకు కాచేది గంజి. అరవదేశం పొలిమేర కదా, గంజే మా రుచి. ఇప్పుడు హలీం మా ఊళ్లలోనూ అమ్ముతున్నారు, మేమూ తింటున్నాం, అది వేరే సంగతి. పేపరుకు మాత్రం గంజి ఫోటో పనికిరాదు. అందులో 'ముస్లిం' కనపడడు మరి!

ముస్లిం అంటే ఉర్దూ, ఉర్దూ అంటే హైదరాబాదు, హైదరాబాదంటే చార్మినార్. ప్రకటనలు అమ్ముకునేవాళ్లకు ఈ లెక్క చాలు. ఈటీవీ వాళ్లు 2001లో ఉర్దూ చానల్ పెట్టారు. మంచిదే, కాదనం. కానీ ముస్లింల చానల్ వేరే వచ్చింది గనక తెలుగు చానల్లో మా బతుకులు చూపక్కర్లేదని ఎవరు తీర్మానించారు? మేం ఇంట్లో మాట్లాడేది సగం తెలుగు కలిసిన దక్కనీ. బడిలో చదివింది తెలుగు, అంగట్లో పద్దు రాసేది తెలుగు, సినిమా చూసేది తెలుగు. ఇక తెలుగే తల్లిభాషైన దూదేకుల వాళ్లను ఏ చానల్ లెక్కలో వేస్తారు?

అమెరికాలోనూ ఇదే తంతు. అక్కడ 1980 జనాభా లెక్కల్లో ప్రతి ఇంటినీ 'మీరు హిస్పానిక్కులా?' అని అడిగారు. మెక్సికో వాళ్లు, క్యూబా వాళ్లు, పోర్టోరికో వాళ్లు ఒకే గంపలో పడ్డారు. స్పానిష్ మాట్లాడే, కుటుంబమే లోకమైన ఒక బొమ్మను ప్రకటనల కంపెనీలు తయారుచేసి అమ్మాయి. అర్లీన్ డావిలా 2001లో 'లాటినోస్ ఇంక్' అనే పుస్తకంలో ఆ వ్యాపారం గుట్టు విప్పింది. ఇంగ్లీషే మాట్లాడే వాళ్ల పిల్లలు ఆ బొమ్మలో ఇమడలేదు. మా దూదేకుల పిల్లల్లాగే.

సబ్బు ప్రకటనలో మేం లేం. టూత్‌పేస్టు ప్రకటనలో లేం. ఉంటే గింటే మతసామరస్యంలో ఉంటాం. 2020 అక్టోబరులో తనిష్క్ నగల ప్రకటన ఒకటి వచ్చింది. అందులో ముస్లిం అత్తగారు హిందూ కోడలికి సీమంతం చేస్తుంది. గోల లేచింది, కంపెనీ వెనక్కి తీసుకుంది. గోల చేసినవాళ్ల సంగతి తెలిసిందే. మా పేచీ మంచి మనసుతో తీసినవాళ్లతో కూడా. నచ్చిన గొలుసు తనకోసం కొనుక్కునే మామూలు సాయిబుల ఆడది వాళ్లకెందుకు తట్టలేదు? ఉగాదికి దేవుని కడపలో వెంకటేశ్వరుడి గుడికి మావాళ్లు బారులు తీరతారు. బీబీ నాంచారి మా ఆడబిడ్డ, స్వామి మా ఇంటి అల్లుడు అని వాళ్ల నమ్మకం. ఆ ప్రేమ నిజం. మరి ఉగాది మర్నాడు నుంచి అదే మనుషులు గ్యాసుబండకూ పిల్లల ఫీజులకూ తిప్పలు పడుతుంటే ఏ కెమెరా వస్తుంది?

'సరుకు అమ్మేవాడి కంట పడకపోతే నష్టమేముంది, డబ్బులు మిగులుతాయి' అని మాలో కొందరంటారు. ఆ మాటలో కొంత నిజముంది. కొనుగోలుదారుగా గుర్తింపు దొరికినంత మాత్రాన మనిషిగా దొరికినట్టు కాదు. అయితే ప్రకటన సరుకొక్కటే అమ్మదు. ఈ దేశంలో మామూలుగా బతికేవాళ్లెవరో కూడా చెబుతుంది. తిరుపతిలో అద్దెకు ఇల్లడిగితే, పేరు చెప్పగానే ఓనరు మొహం మారుతుంది. ఆయన మమ్మల్ని ఎక్కడ చూశాడు? రంజాన్ పేజీలో, సినిమాలో బాంబు పెట్టేవాడిగా. మధ్యలో ఇంకేం చూపారు గనక ఆయనకు?

మా తప్పూ ఉంది. ఆ టోపీ బొమ్మను మేమూ మోస్తున్నాం. ఉర్దూ రానివాణ్ని సగం ముస్లింగా చూసే పెద్దమనుషులు మాలో తక్కువేం లేరు.

మాకు ప్రత్యేక పేజీ వద్దు. మదనపల్లె మార్కెట్లో టమోటా ధర పడిపోయిన రోజు విలేకరులు వస్తారు. రైతును, హమాలీని, లారీ డ్రైవరును మాట్లాడిస్తారు. ఆ రోజు మస్తానో, చాంద్‌బాషానో కిలో ఎంతకు పోయిందో చెబుతాడు. ఫోటోలో తలకు టోపీ ఉండదు, తువ్వాలు ఉంటుంది. అలాంటి ఫోటోలు ఎన్ని వేస్తారో వేయండి.