ఆదివారము ఎవరికి విశ్రాంతి?



మన తాతలు ఈ ఊళ్లకు వచ్చినది పని కొరకే. మిల్లు పని, గని పని, రైల్వే పని, మున్సిపాలిటీ పని, ఏది దొరికితే అది చేసి నిలబడిరి. పని చేయనివానికి పరాయి ఊరిలో చోటు లేదని మనకు ఉగ్గుపాలతోనే నేర్పిరి. అందువలననే కాబోలు, ఊరక కూర్చుంటే తప్పు చేసినట్లు మనకు తోచును. ఆదివారము కూడ డ్యూటీకి రమ్మంటే మానుట ఎట్లా అయ్యగారూ అని అడుగువారిని మేము నిందింపలేము. ఇంటి అద్దె ఆదివారమని ఆగదు గదా.

అయినను ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయము తెరచి చూడుడి. నిర్గమకాండము 20లో విశ్రాంతి దినమునకు దేవుడు చెప్పిన కారణము సృష్టి. ఇక్కడ కారణము వేరు. మీరు ఐగుప్తులో దాసులుగా ఉంటిరి, నేను విడిపించితిని, అది మరువకుడని ఆయన భావము. దాసునికి సెలవు లేదు. దేవుని ఆరాధించుటకు మూడు దినముల ప్రయాణము పోనిమ్మని అడిగినందుకు ఫరో వారిని సోమరులన్నాడు. అరణ్యమునకు వచ్చిన తరువాత కూడ ఆ భయము వారిని విడువలేదు. ఆరవ దినమున రెండంతలు మన్నా కూర్చుకొనినను, ఏడవ దినమున కొందరు మరల ఏరుకొన బయలుదేరిరి. ఏమియు దొరకలేదు. వారిని చూచి నవ్వకుడి. ఆ గుంపులో మనమును ఉన్నాము.

ఈ సంగతి మన పితరులు మనకంటె బాగుగా ఎరుగుదురు. 1867లో ఒంగోలులో బాప్టిస్టు సంఘము ఏర్పడిన తొలి కాలమున, మాదిగ పల్లెలలో నమ్మినవారికి క్లౌ దొరగారు పెట్టిన నియమములు మూడు. విగ్రహములకు మ్రొక్కరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, ఆదివారము పని చేయరాదు. వెట్టి చేయువాడు గ్రామపెద్దతో ఈ దినము రానని చెప్పుట ఎంత మాట! అందుకు వారు శ్రమలు పొందిరి. ముంబై నూలు మిల్లులలో నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వమున కార్మికులు పోరాడగా 1890లో ఆదివారపు సెలవు దొరికినది. ఆయన క్రైస్తవుడు కాడు. ఆ సెలవు దినముననే మన మిల్లు కార్మికులు ఆరాధనకు వెళ్లగలిగిరి.

అంత వెలపెట్టి వారు తెచ్చిన దినమును మనమేమి చేయుచున్నాము? నీవలెనే నీ దాసుడును దాసియు విశ్రమింపవలెనని అదే అధ్యాయములో ఉన్నది. మేము ఆరాధన నుండి వచ్చి నడుము వాల్చుదుము. మా ఇంటి ఇల్లాలు ఆ దినముననే మాంసము కడిగి, మసాలా నూరి, వచ్చినవారికందరికి వడ్డించి, మూడు గంటలకు తినును. సంఘములోనో, ఆరాధన కాగానే కమిటీ మీటింగు, స్త్రీల సమాజము, యౌవనుల కూడిక, పాటల ప్రాక్టీసు. చంటిపిల్లలు బెంచీల మీదనే నిద్రపోవుదురు. ఆ మీటింగులు పెట్టినవారము మేమే. భోజనమునకైనను తీరిక లేని శిష్యులను యేసు ఏకాంత స్థలమునకు రమ్మని, కొంచెము అలసట తీర్చుకొనుడనెను (మార్కు 6). ఇంకొక మీటింగు పెట్టలేదు.

ఆసుపత్రి నర్సు, రైలు నడుపువాడు, వాచ్‌మను ఆదివారము వెళ్లక తప్పదు. వారిని వేలెత్తి చూపకుడి. వారి సెలవు దినమున పెద్దలు వెళ్లి ప్రార్థించి, త్వరగా లేచి రావలెను. మిగిలినవారము శనివారము రాత్రియే కూర తరిగి ఉంచుకొందము. ఆదివారము పప్పు, పచ్చడి చాలును. ఫోనును ఒక పూట బీరువాలో పెట్టుదము. పనిమనిషికి జీతము కోయకుండ సెలవు ఇత్తము.

వచ్చే నెల నుండి మా సంఘములో ఆరాధన తరువాత మీటింగులు ఉండవు. కమిటీ శుక్రవారము రాత్రి కూడును. మొదటి వారము ఏమి చేయవలెనో తోచక గేటు దగ్గరనే నిలబడి యుందుమేమో. అయినను ఇండ్లకు వెళ్లుదము.