దూరము – సంబంధము

రెండు వస్తువులు దూరదూరముగా నున్నంత మాత్రమున అవి నిజముగా వేరువేరేనా? ఈ ప్రశ్న వేదాంత విచారము చేయువారికి మిక్కిలి ప్రాచీనము, భౌతికశాస్త్రజ్ఞులకు నూతనము. గడచిన నూరేండ్లలో ఆ శాస్త్రము ఈ ప్రశ్నను రెండు వైపులనుండి సమీపించినది. ఒకటి గురుత్వ తరంగముల విషయము. రెండవది క్వాంటమ్ చిక్కుముడి యనబడు విషయము. ఈ రెండింటికిని సంబంధము కలదా యని విచారించునపుడు, తెలిసినదానికి మించి పలుకవచ్చునా యను ధర్మప్రశ్న కూడ ఎదురగును.

చెరువులో రాయి పడినపుడు అలలు లేచినట్లు, మహాగోళములు ఒకదాని చుట్టు నొకటి వేగముగా తిరిగినపుడు దేశకాలములందే అలలు లేచునని 1916లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించెను. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో వేధశాలలు రెండును అట్టి అలను తొలిసారి పసిగట్టినవి. సూర్యునికి సుమారు 36 రెట్లు, 29 రెట్లు ద్రవ్యరాశిగల రెండు కృష్ణబిలములు ఏకమైనపుడు పుట్టిన ఆ అల, సుమారు 130 కోట్ల సంవత్సరములు పయనించి భూమిని చేరెను. అంతటి మహాసంఘట్టనము నాలుగు కిలోమీటర్ల యంత్రబాహువు పొడవును మార్చినది ప్రోటాను వ్యాసములో నూరవ వంతుకంటెను తక్కువ.

ఇక రెండవ విషయము. ఒక భరిణలో పసుపు, వేరొక భరిణలో కుంకుమ ఉంచి మూతలు బిగించి, ఒకటి కాశికిని, మరొకటి రామేశ్వరమునకును పంపినారనుకొందము. కాశిలో మూత తీసి పసుపు చూచినవానికి రామేశ్వరములో నున్నది కుంకుమయని తత్‌క్షణమే తెలియును. ఇందులో వింత లేదు. లోపలి వస్తువు ముందే నిశ్చితమైనది. చిక్కుముడి పడిన రెండు కాంతికణముల సంగతి ఇట్టిది కాదు. వాని పొందిక ముందే నిశ్చితమైన గుణములవలననే కలిగినచో ఒక హద్దు దాటరాదని 1964లో జాన్ బెల్ నిరూపించెను. 1972లో క్లౌజర్, 1982లో ఆస్పే, తరువాత జైలింగర్ జరిపిన ప్రయోగములలో ప్రకృతి ఆ హద్దును దాటినది. ఈ మువ్వురికిని 2022లో నోబెల్ బహుమానము లభించెను.

అయినను ఈ రెండును ఒకటి కావు. గురుత్వ తరంగము దూరమును దాటివచ్చు వార్త. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రముల కలయికనుండి సుమారు 13 కోట్ల సంవత్సరములు పయనించిన తరంగమును, గామా కిరణములును 1.7 సెకండుల తేడాతో భూమిని చేరినవి. తరంగము కాంతివేగముతోనే నడచునని అందువలన రూఢి యైనది. చిక్కుముడియో, పయనించునది కాదు. దానిద్వారా ఒక్క మాటయైనను పంపుటకు వీలు లేదు. ఒకటి వార్త, మరొకటి కేవల సంబంధము.

ఐనచో వీనికి పొత్తు ఎచ్చట? మొదటిది పరికరమందు. 2019నుండి లైగో వేధశాలలు కాంతికణములు పరస్పరము పొందికతో నుండు ప్రత్యేకమైన కాంతిని వినియోగించి, తమ వినికిడిని మరింత సూక్ష్మ మొనర్చుకొనినవి. రెండవది ఊహయందు. చిక్కుముడికిని దేశకాలముల అల్లికకును మూలసంబంధ ముండవచ్చునని 2013లో మాల్దసేనా, సస్కిండ్ ప్రతిపాదించిరి. రెండు సూక్ష్మ ద్రవ్యఖండములు కేవలము తమ పరస్పరాకర్షణముచేతనే చిక్కుముడి పడునా యని పరీక్షించు ఉపాయమును 2017లో కొందరు శాస్త్రజ్ఞులు సూచించిరి. ఆ పరీక్ష ఇంకను నెరవేరవలసియే యున్నది.

ఇట్టివి వినగానే ఆస్తికులలో కొందరు, సర్వమును ఒకే బంధమున నున్నదని విజ్ఞానము ఋజువు చేసినదని సంతోషింతురు. ఆ సంతోషము సహజమే. కాని రెండు కాంతికణముల పొందికనుండి సమస్త జీవుల బంధుత్వమునకు ప్రయోగశాల ఇంకను బాట వేయలేదు. నేటి ప్రయోగమును ఊతగా గొనిన విశ్వాసము, రేపు ఆ ప్రయోగఫలము మారినచో దేనిపై నిలుచును?

ఇచ్చట ఐన్‌స్టీన్ జీవితమందలి ఒక ఘట్టము స్మరింపదగినది. 1936లో ఆయన, రోజెన్ అను సహచరునితో కూడి, గురుత్వ తరంగములు లేనేలేవని వ్యాసము వ్రాసెను. పత్రికవారి పరిశీలకు డొకడు అందు దోషమును చూపగా, ఆయన కోపించి వ్యాసమును ఉపసంహరించుకొనెను. తరువాత దోషము నిజమని తెలిసినపుడు తన నిర్ణయమునే మార్చుకొని, 1937లో సవరించిన వ్యాసమును ప్రకటించెను. కోపము మానవసహజము, దిద్దుకొనుట మహనీయుల లక్షణము.

పొరుగువానిని బంధువుగా చూచుటకు కాంతికణముల సాక్ష్యము అక్కరలేదు. అది మనము పూనవలసిన ధర్మము. ప్రకృతి రహస్యమును తెలిసికొనుటకు మాత్రము సాక్ష్యము తప్పనిసరి. ఈ రెండింటిని కలగాపులగము చేయక, తెలిసినదానిని తెలిసినదనియు, తెలియనిదానిని తెలియదనియు పలుకువాడు శాస్త్రమునకును, ధర్మమునకును సమముగా గౌరవము చేసినవాడగును.