పిలుపు ఎవరిది?

పిలిస్తే పలకడం మర్యాద. చేతిలో ఉన్న పని చెడకుండా చూసుకోవడం బాధ్యత. ఈ రెండూ ఒకే క్షణంలో ఎదురైతే మనిషి దేనికి కట్టుబడాలి?

ఈ ప్రశ్నకు కంప్యూటరు లోపల ఒక జవాబు ఉంది. కామర్సు చదువుకున్న నాకు అది ఆలస్యంగా తెలిసింది. యంత్ర పరికరాలకూ ప్రోగ్రాములకూ నడుమ నిలబడి అన్నిటినీ నడిపించే భాగాన్ని కెర్నల్ అంటారు. ప్రాసెసరు ఏదో లెక్కలో మునిగి ఉంటుంది. ఇంతలో ఎవరో కీబోర్డు మీద మీట నొక్కుతారు. లేదా డిస్కు, అడిగిన సమాచారం సిద్ధమైందంటుంది. అవి పంపే పిలుపే ఇంటరప్టు. అది లేకపోతే ప్రాసెసరు ప్రతి పరికరం దగ్గరకూ వెళ్ళి "ఏమైనా ఉందా?" అని అడుగుతూ తిరగవలసిందే.

1950ల చివర హాలండులో ఎలక్ట్రోలాజికా ఎక్స్1 అనే యంత్రానికి ఈ ఏర్పాటు పెడదామన్నప్పుడు, దానికి ప్రోగ్రాములు రాయవలసిన డైక్‌స్ట్రా మొదట భయపడ్డాడు. పిలుపు ఏ క్షణాన వస్తుందో తెలియదు. తప్పు జరిగితే అదే తప్పును మళ్ళీ రప్పించి పరీక్షించడం కుదరదు. చివరకు ఒప్పుకున్నాడు. 1959లో ఆయన డాక్టరేటు పొందిన గ్రంథం ఆ పని గురించినదే.

నేటి లినక్స్ కెర్నల్ పద్ధతి చూడండి. పిలుపు రాగానే ప్రాసెసరు తాను ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకుంటుంది. వచ్చిన పిలుపు అందిందని పరికరానికి తెలియజేస్తుంది. ఆగలేని పని మాత్రం అప్పటికప్పుడు చేస్తుంది. ఆ కాసేపట్లో నిద్రపోకూడదు, దేనికోసమూ ఎదురుచూడకూడదు. మిగిలిన పనిని వరుసలో రాసిపెట్టి తర్వాత చేస్తుంది. ఆపైన ఆగిన చోటికే తిరిగి వస్తుంది. మధ్యలో ఆగిన ప్రోగ్రాముకు తాను ఆగినట్టే తెలియదు.

పిలిచిన ప్రతివారికీ పలకడమే ధర్మమనుకుంటే అదీ చెడుతుంది. నెట్‌వర్కు నుంచి సమాచారం వరదలా వచ్చిపడితే, వచ్చినదాన్ని అందుకోవడంలోనే ప్రాసెసరు కాలమంతా గడిచిపోయి, ఒక్కటీ చేరవలసిన చోటికి చేరదని మోగుల్, కె.కె. రామకృష్ణన్ 1996లో ఒక పత్రంలో వివరించారు. రద్దీ పెరిగినప్పుడు పిలుపులను కాసేపు ఆపి, కెర్నలే వెళ్ళి కొన్నికొన్నిగా తీసుకోవడం అందుకు మందు. లినక్స్‌లోనూ తర్వాత ఆ మార్గమే వచ్చింది. అంటే తలుపు వేసుకోవడం పాపం కాదు. వేసుకున్నవాడు తానే లేచి వెళ్ళి చూడాలి. "తర్వాత చూస్తాను" అనడమూ తప్పు కాదు. రాసుకోకుండా అనడం తప్పు.

ఇంకొక చిక్కు ఉంది. కొన్నిసార్లు ఒకే తీగను నాలుగైదు పరికరాలు పంచుకుంటాయి. పిలుపు వస్తే ఆ పరికరాల తరఫు ప్రోగ్రాములను వరసగా అడుగుతారు. నాది కాదు, నాది కాదు అని ఒక్కొక్కటీ చెప్పవచ్చు. అందులో తప్పు లేదు, ఎవరో ఒకరు నాదే అన్నంతవరకు. లక్ష పిలుపుల్లో 99,900 పిలుపులను ఎవరూ తమవి అనకపోతే, లినక్స్ ఆ తీగనే మూసేస్తుంది. మూసేటప్పుడు చిట్టాలో ఒక మాట రాస్తుంది: ఎవరూ పట్టించుకోలేదు.

ఆ మాట చదివిన రోజున నాకు ఒక ముసలమ్మ గుర్తొచ్చింది.

2003లో తమిళనాట ఒక శాఖలో పనిచేసేవాణ్ణి. ఆమె చనిపోయిన భర్త ఖాతా కోసం వచ్చింది. పాసుబుక్కులో ఆయన పేరు ముందు ఇంటిపేరు అక్షరం ఉంది. మరణ ధ్రువపత్రంలో తమిళుల ఆచారం ప్రకారం తండ్రి పేరు అక్షరం ఉంది. ఇద్దరూ ఒకరేనా అన్నది సందేహం. ఆమెకు బజారుకు సరిపడా తమిళం వచ్చు. కష్టం చెప్పుకోవడానికి మాత్రం ఇంటి తెలుగే. నాలుగు బల్లలూ తిరిగింది. మాది కాదన్నారు. నా దగ్గరికి వచ్చి, "నాయనా, నువ్వైనా చూడు" అంది. సంవత్సరాంతపు లెక్కల్లో ఉన్నాను. తలెత్తకుండానే "రేపు రామ్మా" అన్నాను. మరో రెండుసార్లు వచ్చింది. అదే జవాబు. ఆ తర్వాత రాలేదు.

ఆ అక్షరాల తేడా ఎందుకు వచ్చిందో ఆ శాఖలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. పిలుపు నాదే.

పదేళ్ళు ఎవరూ కదపని డిపాజిట్లను 2014 నుంచి రిజర్వు బ్యాంకు నిధికి పంపుతున్నారు. 2015లో బదిలీమీద మళ్ళీ ఆ శాఖకే వచ్చి జాబితా సరిచూస్తుంటే, ఆ ఇంటిపేరు అక్షరంతో ఆయన పేరు కనిపించింది. డబ్బు పోలేదు, హక్కుదారులు ఎప్పుడొచ్చినా ఇస్తారు. చిరునామా పట్టుకుని వెళ్ళాను. ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారు.

కీబోర్డు వేచి ఉండి నొచ్చుకోదు, మనిషి నొచ్చుకుంటాడు. యంత్రం నీతి మనకు చాలదని ఎవరైనా అనవచ్చు. నిజమే. కానీ నేను ఆ మాత్రమూ చెయ్యలేదు. లెక్కలు ఆపమని ఆమె అడగలేదు. తలెత్తి చూసి, పేరు రాసుకుని, మళ్ళీ లెక్కల్లోకి వెళ్ళి ఉంటే రెండు ధర్మాలూ నిలిచేవి. తీగను మూసేముందు ఎవరూ పట్టించుకోలేదని కెర్నల్ రాసైనా పెడుతుంది. మా రిజిస్టర్లలో ఆమె వచ్చినట్టే లేదు.