వ్యతిరేకం వేరు, విలోమం వేరు



వాడుకలో మనం ‘ఇన్వర్స్’ అంటే తలకిందులు, వ్యతిరేకం అనుకుంటాం. గణితంలో విలోమం అంటే చేసిన పనిని రద్దు చేసి, మొదలుపెట్టిన చోటికే చేర్చేది. 5కు 7 కలిపితే 12. అందులోనుంచి 9 తీసేసినా అది తీసివేతే, కానీ 5 రాదు. 7 తీసేస్తేనే వస్తుంది. మహూజ్‌లో జీతం దినార్లలో తీసుకునే మనకు ఇది తెలిసిన లెక్కే. అధికారిక రేటు ప్రకారం డాలర్లను దినార్లు చేయడానికి 0.376తో గుణిస్తాం. తిరిగి డాలర్లు చేయాలంటే దాదాపు 2.66తో గుణించాలి. వేరే ఏ సంఖ్యతో గుణించినా మొదటి మొత్తం రాదు.

లూకా 19లో సుంకపు గుత్తదారుడైన జక్కయ్య రెండు మాటలు చెప్పాడు. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు. లాక్కున్న చేయి ఇవ్వడం నేర్చుకుంది; అది వ్యతిరేకం. ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నాడో వారికే నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు, అది విలోమం. సంఖ్యాకాండము 5:7 అడిగింది అసలు, దానిమీద అయిదో వంతు మాత్రమే. అయితే ఇది రక్షణకు చెల్లించిన వెల కాదు. యేసు ముందుగా అతని ఇంటికి వచ్చాడు, ఆ తరువాతే అతని చేయి తెరుచుకుంది.

ప్రియ చదువరీ, ఊళ్లో తమ్ముడి వాటా పొలం మీ పేరున ఉందా? శుక్రవారం ఆరాధనలో కానుక ఎంత పెంచినా ఆ లెక్క తీరదు. భార్యను ఫోనులో నొప్పించి, ప్రార్థన కూటంలో మృదువుగా మాట్లాడితే ఆమె గాయం మానదు. ఎవరికి అన్యాయం చేశామో వారి దగ్గరికే వెళ్లాలి. బలిపీఠం దగ్గర అర్పణను ఆపి మరీ ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పింది ఇందుకే (మత్తయి 5:23-24).

గుణకారంలో సున్నాకు మాత్రం విలోమం లేదు. ఏ సంఖ్యనైనా సున్నాతో గుణిస్తే సున్నాయే. ముందున్నది ఏ సంఖ్యో ఇక తెలియదు. మన జీవితాల్లోనూ అలాంటివి ఉన్నాయి. క్షమాపణ అడగవలసిన తండ్రి సమాధిలో ఉన్నాడు. మనం దూరంగా ఉండగా గడిచిపోయిన బిడ్డ బాల్యం తిరిగి రాదు. అక్కడ మన లెక్క ఆగిపోతుంది. అబ్రాహాము నమ్మిన దేవుడు చనిపోయినవారికి జీవమిచ్చేవాడు, ఏమీ లేని చోట కలుగజేసేవాడు (రోమా 4:17). సున్నా దగ్గర ఆయన ఆగిపోడు.

కాబట్టి తిరిగి ఇవ్వలేనిదాన్ని సిలువ యొద్ద ఉంచండి. ఇవ్వగలిగినదాన్ని మాత్రం అక్కడ వదిలేసి చేతులు దులుపుకోకండి. ఈ వారమే ఆ ఒక్క ఫోను చేయండి.

ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.