అడవిలో అగ్గియు గొడ్డలియు

ధ్యానభాగములు: నిర్గమకాండము 22:6, లూకా 13:6–9



ఎండ ముదరగానే హత్నూర పొరుగుననున్న నర్సాపురము అడవిలో ఆకు రాలి, గడ్డి యెండి, నేలయంతయు పొయ్యిలో పేర్చిన చితుకులవలె నుండును. ఆర్పని బీడీముక్క ఒకటి చాలును. ఇప్పపువ్వు ఏరుటకు చెట్టుక్రింది ఆకును కాల్చువారును కలరు. రిజర్వు అడవిలో నిప్పుపెట్టుట నేరమని 1967 నాటి అటవీచట్టము చెప్పుచున్నది. అయితే అటవీశాఖవారే వేసవికి ముందు గట్లవలె దారులు తీసి, కాపలా యుండి, వాటిలోని గడ్డిని కాల్చుదురు. పెద్దమంట ఆ దారి దాటకుండుటకే యీ చిన్నమంట.

గొడ్డలి సంగతియు నట్టిదే. రెండేసి మీటర్ల యెడముతో టేకు నాటినయెడల హెక్టారుకు 2,500 మొక్కలగును. అన్నియు మ్రానులు కాజాలవు. వంకరవి, బలహీనమైనవి తీసివేసిననే మిగిలినవాటికి ఎండయు నీరును అందును.

దేవుడు చేసిన చెట్టుపై మన చేయి పడనేల అని కొందరు భక్తిగా అడుగుదురు. కాని ఏదెనులో మానవునికి కావలితోపాటు సేద్యమును అప్పగింపబడెను. అమెరికా అటవీశాఖ 1935లో, ప్రతి మంటను మరునాటి ఉదయము 10 గంటలకు ముందే ఆర్పవలెనని నియమించెను. అనేక అడవులలో కాలని చెత్త యేండ్లతరబడి పేరుకొని, తరువాతి మంటలు మరింత ఘోరమాయెను. 1970 దశకములో ఆ నియమమును విడిచిరి. అట్లని ఏటేట కాల్చుటయు మేలు కాదు. మన అడవిలో లేతమొక్క మాడిపోవును. పలుచన చేయుదుమని చెప్పి నిటారు మ్రానులనే కొట్టుట దొంగతనము. నరికిన కొమ్మలను అక్కడనే విడిచినయెడల అవియే మంటకు మేత యగును.

కాబట్టి అగ్గియు గొడ్డలియు తమంతట పుణ్యమును కావు, పాపమును కావు. మొక్క లేతగా నున్నచోట మంట వద్దు. గుబురైనచోట ముందు పలుచన చేసి, కొమ్మలు మోసికొనిపోవలెను. చిన్నమంట చలి విడువకముందే, కాపలాతోనే పెట్టవలెను.

ముండ్లకంపకు అంటుకొన్న నిప్పు పొరుగువాని పంటను కాల్చినయెడల, దానిని రగిల్చినవాడే నష్టము తీర్చవలెనని ధర్మశాస్త్రము విధించెను. వాని తలంపు మంచిదా అని అది అడుగలేదు. మన అడవిలో నష్టపోవువారెవరు? జీవాలు కాయువాడు, కట్టెలమోపు తెచ్చుకొను విధవరాలు, తునికాకు కోయు స్త్రీ, పొగకు దగ్గు పసిబిడ్డ. పటాన్‌చెరు పరిశ్రమల పొగ నెరిగిన మనకు, ఒకరి పనికి మరొకరు మూల్యము చెల్లించుట క్రొత్త కాదు.

ప్రభువు చెప్పిన అంజూరపుచెట్టు ఉపమానములో తోటమాలి గొడ్డలిని ఎన్నటికిని వద్దనలేదు. ఇంకొక యేడు గడువడిగి, పాదుచేసి యెరువు వేయుదుననెను. నరుకుటకు ముందు చెమటోడ్చినవానికే నరుకు మాట తగును.

కావున గ్రామసభలో అడవి మాట వచ్చినప్పుడు మనము మౌనముగా నుండరాదు. కావలి యెవరు? కలప యెవరికి? నష్టము తీర్చువారెవరు? ఈ మూడును నెమ్మదిగా అడుగుదము. అడుగుటకు ముందు మన బీడీముక్కను మన కాలితోనే ఆర్పుదము. అడవి అందరిది, అందరిదైనదానికి లెక్క ప్రతివాడును అప్పజెప్పవలెను.

మనకు అప్పగింపబడినదానిని నమ్మకముగా కాచు మనస్సును ప్రభువు మనకు దయచేయునుగాక. ఆమేన్.