సముద్రం దగ్గర తొందర పనికిరాదు బిడ్డా

పసుపు అమ్మిన పైసలు చేతికి వచ్చాయో లేదో, మీ జట్టంతా విశాఖకు బయల్దేరుతోందని విన్నాను. పోండి బిడ్డా, ఎవరు వద్దన్నారు? తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, మార్కెట్ యార్డుకు చేర్చేసరికి నడుములు పడిపోయాయి కదా. అక్కడి రుషికొండ బీచ్‌లో సర్ఫింగ్ బోర్డెక్కి అలల మీద తేలాలని మనసైందట. మంచిదే, వయసులో ఉన్నప్పుడే చూడాలి ఇట్లాంటివి. కానీ పోయే ముందు ఇట్లా అరుగు మీద ఒక్క నిమిషం కూర్చో. నువ్వు చెడ్డవాడివని కాదు, నీకు తొందరెక్కువ. సముద్రం దగ్గర ఆ తొందరే పనికిరాదు.

మన పెర్కిట్ నుంచి విశాఖకు దగ్గర దగ్గర 800 కిలోమీటర్లు. రాత్రంతా వంతులేసుకొని కారు నడిపి, తెల్లారగానే ఇసుకలో ఆపి నీళ్లలో దూకుదామని మీ ప్లాను. 44వ నంబరు హైవే పక్కన పుట్టి పెరిగినవాడివి, నిద్రకళ్లతో బండి నడిపితే ఏమవుతుందో నీకు ఒకరు చెప్పాలా? హైదరాబాద్‌లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. తెల్లారేసరికి విశాఖలో దిగుతారు. దిగాక కడుపునిండా తినండి, కంటినిండా పడుకోండి. మొదటి రోజు నీళ్లలోకి దిగనే వద్దు. ఒడ్డున కూర్చొని చూడండి, చాలు.

ఏం చూడాలంటావా? అల ఎక్కడ విరుగుతోందో, ఎక్కడ విరగడం లేదో చూడు. రెండు వైపులా తెల్లగా నురుగు లేస్తుంటుంది, మధ్యలో ఒక చోట మాత్రం నీళ్లు నల్లగా, నెమ్మదిగా కనపడతాయి. కొత్తవాళ్లు ఆహా ఇక్కడ బాగుందనుకొని అక్కడే దిగుతారు. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. అలలు ఒడ్డుకు తెచ్చిపోసిన నీళ్లన్నీ ఆ సందులోంచే మళ్లీ లోపలికి పోతాయి. ఇసుకను, నురుగును లాక్కుపోతున్నట్టు కనపడుతుంది, కాసేపు ఆగి చూస్తే నీకే తెలుస్తుంది. ఎప్పుడైనా దాంట్లో చిక్కితే ఒడ్డు వైపు కొట్టుకోకు. ఎంత ఈతగాడైనా దానికి ఎదురీదలేడు, చేతులు పడిపోతాయి. ఒడ్డు పొడుగునా పక్కకు ఈదు. ఆ సందు వెడల్పు తక్కువే, పక్కకు జరిగితే అది నిన్ను వదిలేస్తుంది. ఈదలేకపోతే వెల్లకిలా తేలి, చెయ్యెత్తి పిలువు. ఈ ఒక్క మాట మీ జట్టులో అందరికీ రెండుసార్లు చెప్పు, నవ్వినా సరే చెప్పు.

నాకు ఈతొచ్చు తాతా, పోచంపాడులో ఈదలేదా అంటావు. పోచంపాడు డ్యామ్‌కు 42 గేట్లున్నాయి బిడ్డా. నీళ్లు వదిలే ముందు కింది ఊళ్లకు చెప్పి వదులుతారు. సముద్రం ఎవరికి చెప్పి కదులుతుంది? అందుకే ఎర్రజెండా పెట్టిన చోట దిగొద్దు. లైఫ్‌గార్డు ఈల వేస్తే ఎందుకు, ఏమిటి అని వాదన పెట్టుకోవద్దు, బయటికి రా. 2020లో రుషికొండకు బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, అక్కడ మనుషులు కాపలా ఉంటారు. ఆ హద్దు దాటి, ఎవరూ లేని ఇసుక బాగుందని పోవద్దు. తాగి అసలే దిగొద్దు. ఇది నేను మళ్లీ చెప్పను.

బోర్డు సంగతి కూడా విను. నేర్పేవాళ్ల దగ్గర పైసలు కట్టి నేర్చుకో, వీడియో చూసి వచ్చిందనుకోకు. మొదట మెత్తటి బోర్డే తీసుకో. నడుం లోతు నీళ్లలో, విరిగిపోయిన తెల్ల అల మీదే సాధన చెయ్యి. బోర్డును అలకూ నీకూ మధ్య అడ్డంగా పట్టుకోకు, అల దాన్ని తెచ్చి నీ మూతి మీదే కొడుతుంది. పడినప్పుడు తలకిందులుగా దూకకు, కింద ఇసుక ఎంత లోతులో ఉందో తెలియదు. పైకి వచ్చేటప్పుడు చేతులు తల మీద అడ్డం పెట్టుకో.

ఇప్పుడు పోతున్నారు కాబట్టి సరే, అల కాస్త తక్కువే. జూన్ నుంచి గాలి మారుతుంది, అల లేస్తుంది. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటింది. ఆ రోజుల్లో టికెట్లు చవకని పోవద్దు.

విశాఖ పక్కనే ఉన్న భీమిలికి తప్పకుండా వెళ్లండి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరది, డచ్చివాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. గోస్తనీ నది సముద్రంలో కలిసేది అక్కడే. కలిసే చోట చూడండి, దిగకండి. దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. వేల ఏళ్లు పట్టింది అవి అట్లా తయారవడానికి. బండ్లు ఎక్కించి తొక్కొద్దు, పేర్లు చెక్కొద్దు.

అక్కడ ఒడ్డున మరబోట్లు, తెప్పలు లాగి పెట్టి ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం, అప్పుడైతే ఒడ్డంతా పడవలే. ఫోటో కోసం వాటి మీదికి ఎక్కకండి. మనం నాగలికి పెట్టుకున్నట్టే వాళ్లు పడవకు పసుపు కుంకుమ పెట్టి మొక్కుతారు. ఆ పసుపు మన చేలోదే కావచ్చు. ఆరేసిన వల మీద చెప్పులతో నడవొద్దు. ఇంజన్ దగ్గర కూర్చున్న పెద్దమనిషిని బాబాయ్ అని పిలిచి, ఈ రోజు నీళ్లెట్లా ఉన్నాయని అడుగు. ఆయన వద్దంటే ఆ రోజు మానుకో. ఎంత దూరం నుంచి వచ్చినా, ఎన్ని పైసలు కట్టినా మానుకో.

ఇంకొక్కటి. నువ్వు సరదాగా ఉన్నంతసేపూ ఇక్కడ మీ అమ్మ ఫోను పక్కన పెట్టుకొని కూర్చుంటుంది, పైకి అనదు. నీళ్లలోకి దిగే ముందు ఒకసారి, బయటికి వచ్చాక ఒకసారి ఆమెకు ఫోన్ చెయ్యి.